పళ్ళు అక్కర్లేని మాట

పళ్ళు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం చంటి జేబులో ఉంది. చంటి వంటింట్లో ఈల వేస్తూ తల్లికి రొట్టె ముక్కలు పాలల్లో నానబెడుతున్నాడు.

పెద్దావిడ మంచం అంచున కూర్చుని ఆ ఈల వింటోంది. ఈల హుషారుగా సాగితే ఆ పూట బాగా గడుస్తుందని ఈమధ్య ఆవిడ పెట్టుకున్న లెక్క. ఆ లెక్క ఇప్పటికే చాలాసార్లు తప్పింది, అయినా వినడం మానలేదు. చేతిలో మడతపెట్టిన రుమాలు ఉంది. అది నోటికి అడ్డం పెట్టుకోవడానికి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా పెట్టుకుంటుంది. ఆఖరికి అద్దం ముందు కూడా పెట్టుకుంటుందంటే చూసుకోండి.

"ఇదిగో అమ్మా, మరీ వేడిగా లేదు. మెల్లిగా తిను," అంటూ చంటి గిన్నె తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. చెంచా తుడిచి మరీ ఇచ్చాడు.

నలభై దాటిన మనిషిని చంటి అనడమేమిటని మీకు నవ్వొస్తే రావచ్చు. ముద్దుపేర్లు అంతే, ఒకసారి అంటుకున్నాయంటే వదలవు. మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మి, ఇళ్ళకెళ్ళి బిగించి రావడం అతని పని. ఏ ఇంటికెళ్ళినా నీళ్ళలో కంటికి కనిపించని పురుగుల గురించి అరగంట చెప్పి, ఇంటావిడ చేత "బాబోయ్" అనిపించి గానీ లేవడు. మాట తేనె. మెట్ల మీద ఎవరి చేతిలో బరువు సంచి కనిపించినా అందుకుంటాడు. "కొడుకంటే అలా ఉండాలండీ, తల్లిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు," అని ఆ భవనంలో అందరూ అంటారు. అననివాళ్ళు లేరు.

పోయిన వారం టీవీ దగ్గర గొడవైంది. గొడవ అని ఇంట్లో వాడుక గానీ, గొడవకి ఇద్దరుండాలి కదా. సౌండు తగ్గించమన్నాడు. వార్తలు అయిపోనీరా అంది. చెంప మీద ఒక్కటి పడింది. చెయ్యి చేసుకోవడం అదే మొదలు కాదు; కట్టుడు పళ్ళు ఊడి కింద పడడం మాత్రం అదే మొదలు. పైసెట్టు నున్నటి నేల మీద జారుకుంటూ వెళ్ళి సోఫా కిందకి దూరింది. అది చూసి ముందు చంటే హడలిపోయాడు. మోకాళ్ళ మీద వంగి, చీపురు వెనక వైపుతో దాన్ని బయటికి లాగి, కడిగి తెచ్చి, తల్లి కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ ఒక చేత్తో చెంప పట్టుకుని రెండో చేత్తో వాడి తల నిమిరింది. అప్పటికింకా వార్తలు అయిపోనే లేదు.

మర్నాడు ఎదురింటి టైలరమ్మ, "ఇదేంటి పిన్నిగారూ, పెదవి ఇలా వాచింది?" అని గుమ్మంలోనే అడిగేసింది. "మావాడికి కాస్త కోపం ఎక్కువమ్మా," అంది పెద్దావిడ. అంతే అంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. మెట్లెక్కి వస్తున్న చంటి చెవిన ఆ ముక్క పడనే పడింది.

ఆ సాయంత్రం అతను అరవలేదు. అరిస్తేనే బాగుండేదని ఆవిడకి తరవాత అనిపించింది. "పళ్ళు ఇలా ఇవ్వమ్మా, శుభ్రంగా కడిగి పెడతాను," అన్నాడు మెత్తగా. రెండు సెట్లూ తీసి ఇచ్చింది. కడిగాడు, తుడిచాడు, ఉతికిన రుమాలులో చుట్టాడు, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"కొన్నాళ్ళు నోటికి రెస్టివ్వు. మాటల వల్లే కదా ఇన్ని గొడవలూ."

"వాటిని నీళ్ళల్లో ఉంచాలిరా," అంది ఆవిడ, బోసి నోటితో మాటలు కూడదీసుకుని. "ఎండబెడితే పాడైపోతాయి."

"నీళ్ళల్లో ఉండడానికి అవేమన్నా చేపలా?" అని నవ్వాడు. ఊరందరికీ నీళ్ళ గురించి పాఠాలు చెప్పే మనిషి మరి.

ఎవరైనా అడిగితే చిగుళ్ళు వాచాయని చెప్పాడు. పాపం అన్నారు అందరూ. ఆ పాపం ఇద్దరికీ చెరిసగం వచ్చింది.

*

గురువారం మధ్యాహ్నం తలుపు గంట మోగింది. పెద్దావిడ గబుక్కున రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చంటి వెళ్ళి తలుపు తీశాడు.

వచ్చింది బస్టాండులో ఇప్పుడు అనౌన్సరుగా ఉన్న అమ్మాయి. అమ్మాయి అని అలవాటు కొద్దీ అనడమే, తలలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. పెద్దావిడ శిష్యురాలు. ఆ మైకు ముందు పెద్దావిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఊరి బస్సులన్నీ ఆవిడ గొంతు మీదే కదిలాయి. డ్రైవర్లు గడియారం చూసుకునేవాళ్ళు కారు, ఆవిడ పిలుపు కోసం చూసేవాళ్ళు. ఈ వీధిలో ఇప్పటికీ ఆవిడ పేరు చాలామందికి తెలీదు, అనౌన్సరమ్మ అంటే చాలు.

శిష్యురాలు పనిలో చేరిన కొత్తలో ఆవిడ ఎంత కాల్చుకు తిందో చెప్పనలవి కాదు. "నోట్లో ఏం పెట్టుకున్నావే? ఉమ్మేసి వచ్చి మాట్లాడు," అనేది. "మైకుకి జానెడు దూరంలో ఉండు, దాన్ని మింగకు." "అక్షరాన్ని నమిలి వదలకు, ముందుకు తోసి వదులు." "ఏదైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి జనం తలెత్తుతారు, అంతే. రెండోసారే వింటారు." మైకు గదికి ఎర్రలైటు పెట్టించింది కూడా ఆవిడే. తలుపు పైన ఆ లైటు వెలుగుతుంటే ఎంత పెద్దవాడైనా తలుపు ముట్టుకోకూడదు. ఒకసారి ఒక డిపో మేనేజరు ఆ మాట లక్ష్యపెట్టకుండా లోపలికొచ్చి మైకు దగ్గర తుమ్మాడు. ఆ తుమ్ము అన్ని ప్లాట్‌ఫారాల మీదా మోగింది. ఆ తరవాత మళ్ళీ ఎవరూ ఆ సాహసం చేయలేదు.

"సోమవారం నుంచి కంప్యూటరే చెప్తుందట మేడం," అంది శిష్యురాలు, కుర్చీ అంచున కూర్చుని. "మన మైకు గది తీసేస్తారు. ఆదివారం పొద్దున ఆఖరి ప్రకటన. అది మీ నోటితోనే చెప్పించాలని నేను పట్టుబట్టాను. మేనేజరు గారు కూడా సరే అన్నారు. కాదనకండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

పెద్దావిడ రుమాలు వెనక నుంచి ఆమెనే చూస్తోంది. ఇప్పుడు చెప్పేయొచ్చు. రుమాలు తియ్యాలి, అంతే కదా. అక్షరం ఒక్కటి జారితే ఒప్పుకోని మనిషి, ఈ పిల్ల ముందు, సొట్టపోయిన బుగ్గలతో, ఉత్త చిగుళ్ళతో నోరు తెరవడమా? చెయ్యి కదల్లేదు.

"నోటికేమైంది మేడం?"

"చిగుళ్ళు వాచాయండీ," అన్నాడు చంటి వెనక నుంచి, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ. "పళ్ళు పెట్టుకోవద్దన్నారు. ఆదివారానికి తగ్గిపోతుంది, మీరేం కంగారు పడకండి. మా అమ్మకి ఇంత గౌరవం చేస్తామంటే నేను వద్దంటానా? నేనే దగ్గరుండి తీసుకొస్తాను. ఫొటోలు తీస్తారా?"

"తీస్తారండీ."

"చూశావా అమ్మా!" అని చంటి తల్లి భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. ప్రేమగానే నొక్కాడు. ఆవిడ ఉలిక్కిపడింది. పాలు ఒలకబోసిన పిల్లలు ఉలిక్కిపడతారే, అలాగ. శిష్యురాలు ఒక్క క్షణం ఆ భుజం వైపు చూసి, గ్లాసు కింద పెట్టింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగింది.

*

శుక్రవారం చంటి పనికి వెళ్ళాడు. తలుపుకి బయటి నుంచి తాళం లేదు, గొళ్ళెం లేదు. అసలు సంగతి అక్కడే ఉంది. పెద్దావిడని ఎవరూ కట్టెయ్యలేదు. నాలుగడుగులు వేసి టైలరమ్మ తలుపు తట్టొచ్చు. మెట్లు దిగి వీధిలోకి వెళ్ళొచ్చు. పళ్ళు లేని నోటితో మనుషుల్లోకి వెళ్ళడం కంటే ఇంట్లో ఉండడమే నయమని ఆవిడ ఉండిపోతుందని చంటికి తెలుసు. అతను బీరువాకి వేసిన తాళమే వీధి తలుపుకీ సరిపోయింది.

పది దాటాక టైలరమ్మే వచ్చి తట్టింది. "పిన్నిగారూ! ఉన్నారా?" కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వచ్చినట్టుంది, మెడలో వేసుకున్న టేపు గుండీలకి తగిలి చప్పుడవుతోంది. పెద్దావిడ తలుపుకి ఇవతల, గొళ్ళేనికి బెత్తెడు దూరంలో నిలబడి ఊపిరి బిగబట్టింది. "పడుకున్నారేమో," అని టైలరమ్మ తనలో తాను అనుకుంటూ వెళ్ళిపోయింది. ఎదురు తలుపు మూసుకున్నాక పెద్దావిడకి ఒళ్ళు మండిపోయింది. తన మీద తనకే. "సిగ్గులేదూ నీకు?" అనుకుంది. తీరా చూస్తే ఉన్నదంతా సిగ్గే.

సాయంత్రం చంటి వచ్చి టీవీ పెట్టుకున్నాడు, అతని ఇష్టమొచ్చినంత సౌండుతో. పెద్దావిడ స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసి, కుళాయి తిప్పింది. నీళ్ళు బకెట్లో పడుతుంటే ఆ చప్పుడు చాటున నోరు విప్పింది.

పాత అలవాటే అది. రోజూ పనిలోకి దిగేముందు అక్షరాలన్నీ ఒకసారి నోట్లో తిప్పి చూసుకునేది. ఇప్పుడు ఏవి మిగిలాయో చూసుకుందామని. ప, బ, మ. పెదాల పని, వచ్చాయి. క, గ. గొంతు పని, బాగానే వచ్చాయి. త అనబోతే నాలుక ముందుకెళ్ళి పళ్ళ గోడ లేక బయటికి జారింది. ద కూడా అంతే. స అయితే ఉత్త గాలి, సైకిలు ట్యూబులోంచి పోయినట్టు. న కూడా నీరుగారిపోయింది. ట మాత్రం వచ్చింది, డ కూడా వచ్చింది. నాలుక మడిచి పైన అంగిట్లో తగిలిస్తే చాలు, దానికి పళ్ళెందుకు?

వచ్చినవాటినన్నిటినీ కలిపి శిష్యురాలికి నేర్పినట్టే తనకీ నేర్పుకుంది. "క. ట. డ. కట్టు. కట్టాడు. కొట్టు. కొడుకు." ఖణేల్‌మంది నోరు. ఎంత బాగా వచ్చిందో! ఆ సంబరంలో ఇంకాస్త ముందుకెళ్ళింది.

"కొడుకు కొట్టాడు."

ఒక్క అక్షరం జారలేదు. మైకు ముందు చెప్పినట్టు గోడలకి తగిలి తిరిగొచ్చింది. ఆ మాట ఎవరో వేరేవాళ్ళు అన్నట్టు ఆవిడ అదిరిపడి కుళాయి పూర్తిగా తిప్పేసింది. బకెట్టు నిండి నీళ్ళు కాళ్ళ మీదుగా పోతున్నాయి. ఎప్పుడూ, ఎవరి దగ్గరా, మనసులో కూడా ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు ఆవిడ. గొడవ అనుకుంది, కోపం అనుకుంది, చెయ్యి జారింది అనుకుంది.

"అమ్మా! ఎంతసేపు? నీళ్ళన్నీ పోతున్నాయి!" చంటి తలుపు బాదాడు.

కుళాయి కట్టేసింది. రుమాలు తడిసిపోయింది. దాన్నే పిండి నోటికి పెట్టుకుని బయటికొచ్చింది.

*

శనివారం చంటి పనికి వెళ్ళలేదు. తల్లికి కొత్త శాలువా కొనుక్కొచ్చాడు, చెప్పులు తెచ్చాడు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి కాళ్ళ గోళ్ళూ చేతి గోళ్ళూ తీశాడు. ఒక్కో వేలూ పట్టుకుని, చర్మం తెగకుండా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని అంత శ్రద్ధగా తీశాడు. చిన్నప్పుడు ఆవిడ కూడా వాడికి అలాగే తీసేది. ఈ చెయ్యీ ఆ చెయ్యీ ఒకటేనా అని చూసింది. ఒకటే. అదే భయం. ఎప్పుడూ కొట్టేవాడైతే ఒక దారి ఉండేదేమో, ఇలా గోళ్ళు తీసేవాణ్ణి ఏం చెయ్యాలి?

"రేపు ఏం చెప్తావో ఒకసారి చెప్పు," అన్నాడు చిటికెనవేలు దగ్గర.

"పళ్ళు ఇవ్వు, చెప్తా." మాటలు సగమే పలికాయి, అయినా అతనికి అర్థమైంది.

"రేపు అక్కడిస్తా."

"ఇవాళే పెట్టుకుని చూడాలిరా. ఇన్నాళ్ళు ఎండాయి..."

"రేపు అన్నానా?" గోళ్ళ కత్తెర ఆగింది. మణికట్టు మీద వేళ్ళు బిగుసుకున్నాయి. ఎముక మీద ఎముక రాసుకున్నట్టయింది ఆవిడకి. ఊపిరి బిగబట్టి కిటికీలోంచి అవతలి మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ కూర్చుంది. కాసేపటికి వేళ్ళు వదులయ్యాయి. కత్తెర మళ్ళీ కదిలింది.

"ప్రకటన చెప్పు, నమస్కారం పెట్టు, వచ్చెయ్. మిగతావి ఏం మాట్లాడకు. మనింటి విషయాలు బయటివాళ్ళకెందుకు? నాకు నువ్వు తప్ప ఎవరున్నారే అమ్మా?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ నీళ్ళు కావు. అది ఆవిడకి బాగా తెలుసు.

ఆ పూటంతా ఆవిడ ఒకటే ఆలోచన. మైకు గదికి ఒక వైపంతా గాజు. బయట నుంచి లోపలి మనుషులు కనిపిస్తారు. మైకు స్విచ్చు వెయ్యకపోతే మాత్రం చిన్న చప్పుడు కూడా బయటికి రాదు. వాడు చూస్తూనే ఉంటాడు, వాడికి వినపడదు. అలాంటి చోటు ఈ భూమ్మీద అదొక్కటే ఉంది, దానికి రేపటితో ఆఖరు. ఆదివారం దాటిందంటే పళ్ళు మళ్ళీ బీరువాలోకి పోతాయి.

మరి ఏమని చెప్పాలి? పళ్ళుంటాయి కాబట్టి మర్యాదగా చెప్పొచ్చు. మంచం మీద కళ్ళు మూసుకుని మాటలు పేర్చుకుంది. "అమ్మాయీ, ఇంట్లో నాకు కాస్త ఇబ్బందిగా ఉంది. మావాడు మంచివాడే, పని ఒత్తిడి. నీకు వీలైతే కొన్నాళ్ళు ఎక్కడైనా..." బాగుంది అనుకుంది. ఎవరికీ దెబ్బ తగలదు. చంటికి చెడ్డపేరు రాదు, పోలీసులూ అవీ ఉండవు. మొత్తం ఆరేడు వాక్యాలయ్యాయి. కొట్టడం అనే మాట ఒక్కదాంట్లోనూ లేదు, అది ఆవిడ గమనించనే లేదు.

*

ఆదివారం ఆటో దిగాక, బస్టాండు గేటు పక్కన, చంటి జేబులోంచి రుమాలు మూట తీసి తల్లి అరచేతిలో పెట్టాడు. "నవ్వుతూ ఉండు," అన్నాడు. ఎవరికో బహుమతి ఇస్తున్నట్టే ఉన్నాడు.

పళ్ళు ఎండి, పేలపిండిలా తెల్లబారి, తేలిగ్గా ఉన్నాయి. ఆవిడ కుళాయి దగ్గర తడిపి నోట్లో పెట్టుకుంది. కింది సెట్టు కూర్చోలేదు. ఎడమవైపు లేచి ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే చిగురులో దిగి కళ్ళు బైర్లు కమ్మాయి. పైది పెట్టుకుంటే అది దిగజారి కింది దాని మీద పడి టక్కుమంది. ఎండి వంకర పోయాయో, చిగుళ్ళే మారిపోయాయో, అవి ఇప్పుడు ఆవిడ పళ్ళు కావు.

"సర్దుకుంటాయిలే. కొత్త చెప్పులు మాత్రం కరవవూ?" అన్నాడు చంటి.

మైకు గది ముందు పదిపదిహేను మంది ఉన్నారు. మేనేజరు, డ్రైవర్లు, కండక్టర్లు, టీ కొట్టాయన. దండలూ గట్రా ఏం లేవు, ఒక పూలగుత్తి ఉంది. అందరూ "అమ్మగారూ, అమ్మగారూ" అంటూ మూగారు. ఆవిడ నోరు బిగించి తల ఊపుతూ వచ్చింది. నోరు తెరిస్తే పళ్ళు బయటికొచ్చేస్తాయని భయం. ఈ గుంపులో ఎవరైనా ఒక్కమాట అడిగితే చాలు, పరువు నేల మీద పడుతుంది, సోఫా కిందకి జారినట్టే.

శిష్యురాలు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వెనకే చంటి కూడా అడుగు పెట్టబోయాడు.

"ఇద్దరికి మించి లోపలికి పంపకూడదు సార్," అన్నాడు గార్డు. సగం మీసం నెరిసింది, ఆవిడ కాలం నుంచీ ఉన్నవాడే.

"నేను కొడుకునయ్యా. అమ్మకి ఒంట్లో బాగాలేదు, పక్కన ఉండాలి."

"తెలుసు సార్. కానీ ఇది అమ్మగారు పెట్టిన రూలు. ఆవిడ ఎదురుగా తప్పితే నాకు తిట్లు పడతాయి." చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. చంటి కూడా నవ్వాల్సి వచ్చింది. నవ్వుతూనే గాజు దగ్గరికి వెళ్ళి, తల్లికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు.

తలుపు మూసుకుంది. బస్సుల రొద, జనం గోల, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఆవిడకి పుట్టినిల్లులాంటిది. అదే బల్ల. అదే కుర్చీ, చేతి దగ్గర రేకు అరిగి ఉంది. బల్ల మీద అవే రెండు స్విచ్చులు, తలుపు పైన లైటుకి ఒకటి, మైకుకి ఒకటి. శిష్యురాలు గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు పెట్టి ఉంచింది. అది కూడా ఆవిడ నేర్పిందే.

"మీరు రెడీ అంటే చెప్పండి మేడం."

పెద్దావిడ కూర్చుంది. ముందు మర్యాద మాటలు చెప్పాలి, తరవాత ప్రకటన. పేర్చుకున్న వాక్యాల్లో మొదటిదాని కోసం నోరు తెరిచింది. "అమ్మాయీ, ఇంట్లో..." ఇంట్లో అన్న మాట దగ్గరే పైసెట్టు ఊడి కిందిదాని మీద పడింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కింది సెట్టు పక్కకి తిరిగి, నాలుక దాని కింద ఇరుక్కుంది. నోట్లో ఉప్పగా తగిలింది, రక్తం.

"మేడం? నీళ్ళు తాగండి. కంగారేం లేదు."

గాజు అవతల చంటి ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం పెదాలనే చూస్తున్నాయి. గడియారం చూపించి, కానివ్వు అన్నట్టు సైగ చేశాడు. మేనేజరు చూస్తున్నాడు. డ్రైవర్లు చూస్తున్నారు. ఫొటోలు తీసేవాడు ఫోను పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు. ఇక అయిపోయింది అనుకుంది ఆవిడ. నెమ్మదిగా చెప్పాల్సిన ఆ ఆరేడు వాక్యాలూ నోట్లోనే పగిలిపోయాయి. ఇప్పుడు లేచి బయటికెళ్ళడమే. బయటికెళ్తే అరచెయ్యి చాపుతాడు, ఇవి అందులో పెట్టాలి, ఆటో ఎక్కాలి.

ఆవిడ రెండు వేళ్ళు నోట్లో పెట్టి కింది సెట్టు తీసింది. తరవాత పైది తీసింది. అంతమంది చూస్తుండగా, రుమాలు అడ్డం పెట్టుకోకుండా తీసింది. బల్ల మీద, మైకు పక్కన పెట్టింది. ఫోను పట్టుకున్నవాడు ఏమనుకున్నాడో, దాన్ని కిందకి దించేశాడు.

శిష్యురాలు కంగారుగా ముందుకు వంగింది. పెద్దావిడ వీపు నిటారుగా చేసి, ఊపిరి తీసుకుని, సగం వదిలి, ఆమె ముఖానికి జానెడు దూరంలో చెప్పింది.

"కొడుకు కొట్టాడు."

శిష్యురాలు తలెత్తింది. వినపడనట్టు కాదు, విన్నది ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసింది. "మేడం..." అంది.

మొదటిసారి అందరూ తలెత్తుతారు, అంతే. ఆవిడకి ఆ సంగతి తెలుసు. అంతే వేగంతో, అంతే గొంతుతో, ఒక్కో అక్షరం ముందుకు తోసి, రెండోసారి చెప్పింది.

"కొడుకు కొట్టాడు."

ఈసారి శిష్యురాలు వింది. గురువారం ఉలిక్కిపడిన భుజం వైపు చూసింది, మణికట్టు మీద నీలంగా కమిలిన వేళ్ళ గుర్తుల వైపు చూసింది, చివరికి గాజు అవతల నవ్వుతూ నిలబడ్డ మనిషి వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి... లేదులెండి, ఇప్పుడొద్దు. మీరు అటు వెళ్ళొద్దు మేడం. ఇవాళ మా ఇంటికే వస్తున్నారు. ముందు నన్నొక ఫోను చెయ్యనివ్వండి." ఆమె సంచి తిరగేసి ఫోను వెతుకుతోంది. "ఆయన లోపలికొచ్చేస్తే ఎలా?"

పెద్దావిడ చెయ్యి చాపి లైటు స్విచ్చు వేసింది. మైకు స్విచ్చు ముట్టుకోలేదు.

తలుపు పైన ఎర్రగా వెలిగింది. బయట డ్రైవర్లు మాటలు ఆపేశారు. మేనేజరు ఒకడుగు వెనక్కి వేశాడు. చంటి నవ్వుతూనే తలుపు వైపు నడిచాడు. గార్డు వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడి, చూపుడువేలుతో పైన లైటు చూపించాడు. చంటి ఏదో అన్నాడు. గార్డు తల అడ్డంగా ఊపాడు. చంటి మళ్ళీ ఏదో అన్నాడు, ఈసారి నవ్వకుండా. గార్డు మళ్ళీ లైటే చూపించాడు. లోపల ఏం జరిగిందో అతనికి తెలీదు. లైటు వెలుగుతోంది, అతనికి అంతే చాలు.

చంటి గాజు దగ్గరికి తిరిగొచ్చాడు. బల్ల మీద పళ్ళు చూశాడు. ఫోనులో గబగబా మాట్లాడుతున్న శిష్యురాలిని చూశాడు. తరవాత తల్లి నోటిని చూశాడు. తెరుచుకునే ఉంది, అడ్డం ఏమీ లేదు. అతని ముఖం మెల్లిగా కరిగిపోయింది. చిన్నప్పుడు జ్వరం వస్తే పెట్టేవాడే, ఆ ముఖం పెట్టాడు. నుదురు గాజుకి ఆనించి ఏదో అంటున్నాడు. వినపడదు, కానీ పెదాల మీద తెలిసిపోతోంది. అమ్మా అంటున్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అంటున్నాడు. ఆ మాటకీ పళ్ళు అక్కర్లేదు.

పెద్దావిడకి ఏడుపు ఆగలేదు. స్విచ్చు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.